ఎత్తిన చేతులు

అసలు ఆ మొగుడు పైకప్పు తేవడానికే వెళ్ళాడా, పైకప్పు వంక పెట్టుకుని వెళ్ళాడా అన్నది ముందు తేలాలి అనుకుంది చిట్టి. గాలి ఆగని ఊరట. ఒక ఇంటి కప్పు ఎగిరిపోయిందట. వెతికి తెస్తానని ఇంటాయన బయల్దేరాడట. అతను తిరిగొచ్చేదాకా ఇంటావిడ నాలుగు గోడల మధ్య నిలబడి, కప్పు ఉండాల్సిన చోట రెండు చేతులూ ఎత్తి పట్టుకుందట. ఎగిరిపోయిన కప్పుని పట్టుకోవడం ఏమిటి? చేతులు దించితే ఏం పడుతుంది, ఆకాశమా? ఈ మాట అన్నయ్యని అడిగితే, "చూశావా, నీకు ప్రశ్న పుట్టింది, అదే కథ" అంటాడు. అన్నయ్య కథల్లో అర్థంకానిదల్లా కథే. ఇంటాయన మాత్రం ఈపాటికి ఏ పక్క ఊళ్ళోనో కాళ్ళు చాపుకుని కూచుని, ఎంత వెతికినా కప్పు దొరకలేదని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటూ కాఫీ తాగుతుంటాడు.

"గడ్డం కొంచెం పైకి," అన్నాడు అన్నయ్య కెమెరా వెనకనుంచి.

ఎత్తింది.

"అంత కాదు."

దించింది.

"ఊఁ. అలాగే. ఒక్క నిమిషం, కదలకు."

అన్నయ్య కెమెరా వదిలి లైటు స్టాండు దగ్గరికి వెళ్ళాడు. దాన్ని అటు జరిపి, ఇటు జరిపి, మళ్ళీ మొదట ఉన్నచోటే పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూశాడు. దేన్ని చూస్తున్నాడో చిట్టికి తెలుసు. తన ముక్కు పక్కన పడే నీడని. కాలరు మీదనుంచి దవడ దాకా వెలుగు ఎలా పాకుతోందో చూస్తున్నాడు. ఈ గదిలో పనిచేయడం మొదలుపెట్టినప్పటినుంచీ అన్నయ్య ఆమెని చూసినన్నిసార్లు ప్రపంచంలో ఇంకెవరూ చూసి ఉండరు. ఆమె నిన్న జుట్టు కత్తిరించుకున్న సంగతి మాత్రం ఇంకా గమనించలేదు.

గది పొడవాటిది, మేడకింద ఉంది. పూర్వం అక్కడ సోఫాలు కుట్టేవారట. ఇప్పటికీ నేల ఊడ్చినప్పుడల్లా తలలేని మేకులు నాలుగైదు వస్తాయి. ఈసారి అందులో అన్నయ్య ప్లైవుడ్డుతో మూడు గోడలు కట్టించి, వాటిమీద చెమ్మ మరకలు తనే దిద్దాడు. పైనుంచి కంటికి కనపడని దారాలతో ఎండుటాకులు వేలాడుతున్నాయి. మూల ఒక పెద్ద స్టాండు ఫ్యాను గాలి ఆగని ఊరి పాత్ర పోషిస్తోంది. ఇదంతా ఒక కోటు కోసం. బూడిదరంగు ఉన్ని కోటు. దాని గొప్పతనమంతా చేతుల్లో ఉంది. భుజం దగ్గర సన్నగా మొదలై మణికట్టు దగ్గరకొచ్చేసరికి గంటలా విచ్చుకుంటాయి. చేతులెత్తితేగాని ఆ గొప్ప కనపడదు. అందుకని అన్నయ్య చేతులెత్తాల్సిన కథ అల్లాడు. క్రితంసారి చెప్పుల కంపెనీకి, కాళ్ళు నేలకి ఆనని అమ్మాయి కథ. ఆ వెలుగు కుదిరేదాకా చిట్టి ఒక మధ్యాహ్నమంతా దూలానికి కట్టిన ఉయ్యాలలో వేలాడింది. ఇంకోసారి ఎవరైనా టోపీలు అమ్మేవాళ్ళు వస్తే తలకిందులుగా బతికే మనిషి కథ వస్తుందేమోనని ఆమెకి లోపల ఒక బెంగ.

మోడలు రేపు వస్తుంది. వచ్చేసరికి వెలుగు సిద్ధంగా ఉండాలి. అందుకు ముందురోజే ఎవరో ఒకరు ఆ చోట నిలబడాలి. చిట్టి ఉద్యోగం ఫొటోలు దిద్దడం. నిలబడటం ఉద్యోగం కాదు. ఉంది కాబట్టి నిలబడుతుంది, అంతే.

"టేపు ఎక్కడ పెట్టావు?" అన్నయ్య మేడమీదికి కేకేశాడు.

"మీరు పెట్టినచోటే ఉంది," పైనుంచి వదిన.

"నేనెక్కడ పెట్టాను?"

"ఆ సంగతి నన్నడుగుతారేం?"

వదిన కిందికి దిగివచ్చింది. మోడళ్ళకి మేకప్ వేసేది ఆవిడే. టేపు ఆవిడ చేతికే గాజులా తొడుక్కుని ఉంది. ఇద్దరూ దాన్ని చూసుకుని, అది ఆవిడ చేతికి ఎలా వచ్చిందన్న దానిమీద కాసేపు మాట్లాడుకున్నారు. అక్కడినుంచి మాట కరెంటు బిల్లు మీదికి, బిల్లు మీదనుంచి వదినగారి తమ్ముడి మీదికి వెళ్ళింది. చిట్టి చేతులు పైనే ఉన్నాయి. మొదట భుజాలు లాగాయి, తరవాత మండాయి, ఆ తరవాత ఎవరివో అయిపోయాయి. కోటు వీపు వెనక గుచ్చిన బట్టల క్లిప్పుల్లో ఒకటి వెన్నుపూసని సరిగ్గా వెతుక్కుని పట్టుకుంది. ఆ కోటు ఎవరి కొలతకీ కుట్టింది కాదు. ముందునుంచి చూస్తే ఒంటికి పోతపోసినట్టు ఉంటుంది, వెనకనుంచి చూస్తే ఆరేసిన బట్టల తీగలా ఉంటుంది.

కోపం వస్తే బాగుండేది. కోపానికి ఒక మర్యాద ఉంది, పొంగుతుంది, మాటై బయటపడుతుంది, చల్లారుతుంది. ఇది అది కాదు. చెమ్మ గోడలోకి ఎగబాకినట్టు కాళ్ళనుంచి మెల్లగా ఎక్కే చిరాకు. దానికి ఒక కారణం చూపించమంటే చూపించలేదు. చెయ్యి దించితే వెలుగు మళ్ళీ మొదటినుంచి పెట్టాలి, మళ్ళీ నిలబడాలి. అందుకని దించదు. ఆమె అన్నయ్య వైపు చూసింది. అతను టేపు ముక్కని గోళ్ళతో లేపుతూ, వదిన చెప్పేదానికి నవ్వుతూ, అలవాటుగా కెమెరా దగ్గరికి వచ్చి, చూడకుండానే మీట నొక్కాడు. టక్ మంది.

"సరే," అన్నాడు కంప్యూటర్ వైపు నడుస్తూ. ఆ 'సరే' చేతులు దించమనడమో, బావమరిది సంగతికి జవాబో తేల్చుకోవడానికి చిట్టికి ఇంకాస్త సమయం పట్టింది.

మర్నాడు మోడలు వచ్చింది. ఆ అమ్మాయికి వదిన మొదటిసారి చూసినప్పుడే కొంగ అని పేరు పెట్టింది. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, ఒంటికాలి మీద నిలబడే అలవాటు. చెడ్డపిల్ల కాదు. వచ్చీరాగానే "అక్కా, మీ జుట్టు బావుంది, ఎప్పుడు కత్తిరించారు?" అని అడిగింది.

కోట్ల కంపెనీ ఆవిడ కూడా వచ్చి ఒక కుర్చీలో కూచుంది. అన్నయ్య కొంగకి కథ మొదటినుంచీ చెప్పాడు. కథ చెప్పేటప్పుడు అతని గొంతు మారిపోతుంది. ఎండుటాకుల మధ్య నిలబడి, చేతులు ఊపకుండా, ఎవరో నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టు చెప్తాడు. ఎన్నిసార్లు విన్నా చిట్టి చెయ్యి మౌస్ మీద ఆగిపోతుంది. అన్నయ్యతో వచ్చిన చిక్కే అది. పూర్తిగా విసుక్కోవడానికి కూడా లేదు. కథ పూర్తయ్యేసరికి కొంగ కళ్ళలో తడి మెరిసింది. కంపెనీ ఆవిడ కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇప్పుడు కప్పు పట్టుకో," అన్నాడు అన్నయ్య.

కొంగ చేతులెత్తింది. బస్సులో కడ్డీ పట్టుకున్నట్టుంది.

"బరువు, బరువు తెలియాలి."

భుజాలు వంచింది. ఇప్పుడు బస్సులో జనం ఎక్కువైనట్టుంది. ముఖం మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. దూరంగా ఎవరో వస్తున్నట్టు, వచ్చేది అతనో కాదో తెలియనట్టు. ముఖానికి ఏ వంకా పెట్టడానికి లేదు. మెడకింద నుంచి మొదలవుతుంది చిక్కు. ఫ్యాను తిరిగింది, ఆకులు ఊగాయి, అన్నయ్య మోకాళ్ళ మీద కూచున్నాడు, బల్లెక్కాడు, బతిమాలాడు. సాయంత్రానికి అందరికీ చెమటలు పట్టాయిగానీ ఆ ఇంట్లో పైకప్పు లేదని ఎవరికీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య చిట్టి పక్కన స్టూలు లాక్కుని కూచున్నాడు. తెరమీద కొంగ బొమ్మలు ఒకదాని వెనక ఒకటి జరుగుతున్నాయి. "ఊహూఁ." "ఊహూఁ." "ఇది... ఊహూఁ." నిన్నటివన్నీ అయిపోయాయి. చెయ్యి ఆపకుండా ఇంకా వెనక్కి వెళ్ళాడు, మొన్నటి వెలుగు పరీక్షల్లోకి. లైటు ఎక్కువైనవి, తక్కువైనవి, చిట్టి సగమే పడినవి. హఠాత్తుగా ఆగాడు.

"ఇది," అన్నాడు.

చిట్టి చూసింది. గోడల మధ్య ఒక మనిషి. చేతులు పైకి ఉన్నాయి, కోటు చేతులు జారి మోచేతుల దగ్గర కుచ్చులుగా ఆగాయి. వేళ్ళు చాచి లేవు, ముడిచీ లేవు. ఎంతోసేపటినుంచి ఏదో మోసి మోసి, దాని బరువు ఎంతో మర్చిపోయిన వేళ్ళు. ఆ చేతులమీద నిజంగానే ఏదో ఉంది. కనపడటం లేదు, అంతే.

"ఇదే నేను చెప్తున్న మనిషి," అన్నాడు అన్నయ్య మెల్లగా. "ఆ భుజం చూడు. ఆ మణికట్టు చూడు. ఇన్నాళ్ళనుంచి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నది ఇదే కదా."

తెరమీద మనిషి ఎవరో ఆమెకి తెలుసు, అతనికీ తెలుసు. ఆ మాట అతని నోటి నుంచి రావడానికి ఇంకెంతో దూరం లేదనిపించింది. చిట్టి మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దీనికి ఆ అమ్మాయి ముఖం పెట్టెయ్," అన్నాడు.

ఉప్పు ఇటు పెట్టెయ్ అన్నట్టు అన్నాడు.

"సరే," అంది చిట్టి.

దిద్దేవాళ్ళకి ముఖం అంటూ ఉండదు. చర్మం ఉంటుంది, నీడ ఉంటుంది, అంచు ఉంటుంది. చిట్టి బొమ్మని పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది, తెరంతా ఒక దవడ అయ్యేదాకా. ఇలా ఎందరి దవడలో చూసింది. కంటికింద నల్లదనాలు తీసింది, మొటిమలు తీసింది, పెళ్ళైన ఒకాయన కోరితే మెడమీద పచ్చబొట్టు తీసింది. ఇప్పుడు గడ్డం కింద నుంచి చెవి దాకా అంచు గీసుకుంటూ వెళ్ళింది. చెవి పక్కన వెంట్రుకలు ఒక్కొక్కటీ విడదీయాలి, లేకపోతే కత్తెరతో కోసినట్టు తెలిసిపోతుంది. మెడమీద ఒక పుట్టుమచ్చ. అది కొంగకి లేదు. పక్కనున్న చర్మంతో దాన్ని పూడ్చింది. చేత్తో తడుముకుంది. మచ్చ అక్కడే ఉంది.

ముఖాన్ని దాచేసింది. చెరపడం కాదు, దానిమీద ఒక పొర వేసి కనపడకుండా చేయడం. కోటు కాలరు పైన ఖాళీగా బూడిదరంగు గోడ కనిపించింది. ఆ ఖాళీలో కొంగ ముఖం తెచ్చి పెట్టింది.

వదిన వెనక నిలబడి చాలాసేపు చూసింది. ఆవిడ చేతిలో కాఫీ కప్పులు రెండు ఉన్నాయి.

"నీకు ఒళ్ళు మండటం లేదా?" అంది.

"దేనికి?"

"నేనైతే ఆ మౌసు పెట్టి ఆయన నెత్తిన కొట్టేదాన్ని."

"నువ్వు పెళ్ళానివి, నీకు చెల్లుతుంది."

"పోనీ అడగొచ్చుగా. నా ముఖానికేం వచ్చింది అని."

"ఏమీ రాలేదు వదినా. అదే కదా. కంపెనీవాళ్ళు ఆ అమ్మాయిని మాట్లాడుకున్నారు, నన్ను కాదు."

ఇలా అన్నాక, తనలో నిజంగా కోపం ఉందా అని చిట్టి వెతికి చూసుకుంది. అన్నయ్య టేపు వెతికినట్టు, అన్నిచోట్లా. దొరకలేదు. దానికి బదులు దొరికింది మరీ సిగ్గుచేటుగా అనిపించింది. ఆ బొమ్మ వీధిలో నిలువెత్తున నిలబడితే, దారినపోయేవాళ్ళలో ఒక్కరైనా ఆగి, ఎవరీమె అనుకుంటే బాగుండునన్న కోరిక. ఎప్పుడు పుట్టిందో తెలియదు. మొన్నటిదాకా లేదు. "ఇది" అన్నాడే అన్నయ్య, ఆ మాటకీ దాని తరవాతి మాటకీ మధ్య పుట్టి ఉంటుంది. అంత చిన్న సందులో పుట్టినదాన్ని నలిపేయడం తేలికే అనుకుంది. కాఫీ తాగింది.

తేలిక కాలేదు. ముఖం కుదరలేదు.

"అతికించినట్టుంది," అన్నాడు అన్నయ్య.

"అతికించిందే కదా."

"అది కాదే. ఏదో తేడాగా ఉంది. మెడ రంగు చూడు."

మెడ రంగు మార్చింది. జుట్టు అన్నాడు, జుట్టు మార్చింది. ముఖం కాస్త తిప్పమన్నాడు, తిప్పింది. కొంగ బొమ్మల్లోంచి వేరే ముఖం తెమ్మన్నాడు. తెచ్చింది, ఇంకోటి తెచ్చింది. తెర బాగాలేదన్నాడు. కిటికీలోంచి ఎండ పడుతోందన్నాడు. కిటికీ మూశాక, "నువ్వు మనసుపెట్టి చెయ్యడం లేదు" అన్నాడు. చిట్టి వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆ మనిషి కాళ్ళు, ఆ మనిషి చేతులు, ఆ మనిషి కోటు వెనక గుచ్చుకున్న క్లిప్పు, అన్నీ తనవి. ఇంకా మనసు కూడా పెట్టాలట.

తేడా ఏమిటో ఆమెకి అప్పటికే తెలిసింది. ఎవరికోసమో ఎదురుచూసే మనిషి ఒళ్ళు ముందుకి వాలుతుంది. కొంగ ముఖం దూరంగా, వచ్చేవాడికోసం చూస్తోంది. దానికింద ఉన్న ఒళ్ళు మాత్రం వెనక్కి బిగుసుకుని ఉంది. అది రానివాడి కోసం ఆగిన ఒళ్ళు కాదు. ఎదురుగా ఉన్నవాడు ఎప్పుడు కనికరిస్తాడా అని ఆగిన ఒళ్ళు. ఒకటి విరహం, ఇంకోటి విసుగు. రెండింటినీ ఎంత నున్నగా అతికినా అతుకు తెలుస్తుంది. ఇది చెప్పాలంటే ఆ ఎదురుగా ఉన్నవాడెవడో కూడా చెప్పాలి. చిట్టి మెడ రంగు మళ్ళీ మార్చింది.

కంపెనీ ఆవిడ వచ్చింది. వస్తూనే తెర దగ్గరికి వంగింది.

"అబ్బ, ఆ చేతులు," అంది. "ఎంత ఎదురుచూపు ఉందండీ వాటిలో. ముఖం ఒక్కటే ఎందుకో నాకు ఎక్కడం లేదు. మా దుకాణాలన్నిటి ముందూ పెట్టే బొమ్మ ఇది. ఎల్లుండికి ఇవ్వగలరా? లేకపోతే చెప్పేయండి, వేరేవాళ్ళని చూసుకుంటాం, ఏమీ అనుకోను."

"ఇస్తాం," అన్నాడు అన్నయ్య. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఈ బొమ్మ పోతే ఈ కంపెనీ పోతుంది. ఇది పోతే మళ్ళీ పాస్‌పోర్టు ఫొటోలే.

"ఆ చేతులు ఆ అమ్మాయివేనా? ఆరోజు నేను చూసినప్పుడు ఇలా లేవే."

చిట్టి కీబోర్డు మీద వేళ్ళు ఆపింది. మూల సర్దుతున్న వదిన కూడా ఆగింది.

"ఆ అమ్మాయివే," అన్నాడు అన్నయ్య తడుముకోకుండా. "ఇంకెవరివి ఉంటాయి?"

ఆవిడ బయటికి నడిచింది. వదిన టేపు తీసుకుని మేడమీదికి వెళ్ళిపోయింది. అన్నయ్య గదిలో అటూ ఇటూ తిరిగి, రేపు ఆ అమ్మాయిని మళ్ళీ పిలుద్దాం, ముఖం ఒక్కటి తీస్తే చాలు అన్నాడు. చిట్టి సరే అంది. ఈసారి వెతుక్కోనక్కర్లేకుండానే దొరికింది కోపం. మరీ పెద్దదేం కాదు. చేతికి పట్టేంత ఉంది.

కొంగ మర్నాడు పొద్దున్నే వచ్చింది. వదిన కిటికీ పక్కన కూచోబెట్టి ముఖానికి రంగు వేయడం మొదలుపెట్టింది. మొన్నటి బొమ్మలో కోటు చెయ్యి నీడ దవడమీదుగా మెడమీదికి జారుతుంది. కొత్త ముఖం మీద కూడా ఆ నీడ సరిగ్గా అక్కడే పడాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా అతకదు. అందుకు ముందు కోటు తొడుక్కుని ఎవరో ఒకరు నిలబడాలి.

"రా, నిలబడు," అన్నాడు అన్నయ్య.

"నేను నిలబడితే ఇక్కడ నీడ ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా."

"ఎక్కడ పడాలో నీకు తెలుసా?"

అన్నయ్య తెరవైపు చూశాడు. తెలియదు. ఆ అంచు గీసింది ఆమె. "అయితే మీ వదిన నిలబడుతుంది."

"నా చేతులు ఖాళీ లేవు," అంది వదిన కొంగ కనుబొమ్మ మీదనుంచి తల తిప్పకుండా. "పైగా నేను మీ భుజం దాకా వస్తాను. అన్నాచెల్లెళ్ళు మీరిద్దరే తాడుతో కొలిచినట్టు ఒక్క ఎత్తు."

"నేనా?" అన్నాడు అన్నయ్య.

"కాసేపే కదా," అంది చిట్టి.

వదిన పని ఆపి మరీ వచ్చింది కోటు తొడగడానికి. వెనక క్లిప్పులు పెడుతుంటే ఆవిడ భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. గంటల్లాంటి చేతుల్లోంచి అన్నయ్య వెంట్రుకల చేతులు బయటికి వచ్చాయి. కొంగ నోరు మూసుకుంది.

"కప్పు పట్టుకో," అంది చిట్టి.

పట్టుకున్నాడు. మొదట సరదాగానే పట్టుకున్నాడు. అందరినీ నిలబెట్టేవాడు కదా, ఎలా నిలబడాలో తనకి తెలుసన్నట్టు గడ్డం తిప్పి, చూపు దూరంగా పెట్టాడు. చిట్టి లైటు స్టాండుని జానెడు జరిపి, వెళ్ళి తెర చూసి, వచ్చి బెత్తెడు వెనక్కి జరిపింది. నీడ కాలరు మీదే ఆగిపోతోంది. స్టాండు ఎత్తు పెంచింది. ఇప్పుడు నోటిమీద పడుతోంది. మళ్ళీ తగ్గించింది. ఇందులో కపటం ఏమీ లేదు, ఈ పని ఇంతసేపు పడుతుంది. కాకపోతే ఎంతసేపు పట్టిందో స్టాండు దగ్గర ఉన్నవాళ్ళకి తెలియదు, నిలబడినవాళ్ళకే తెలుస్తుంది.

"అయిందా?"

"లేదు."

నీడ దవడ ఎముక మీదుగా జారి, మెడ నరం పక్కన, పుట్టుమచ్చ ఉండాల్సిన చోట ఆగింది. కుదిరింది. ఆ మాట చిట్టి నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉంచింది.

"గడ్డం కొంచెం పైకి," అంది.

ఎత్తాడు.

"అంత కాదు."

దించాడు. చిట్టి కుర్చీలో కూచుంది. సీసా మూత తీసి మంచినీళ్ళు తాగింది. మూత పెట్టింది. తెరమీద దుమ్ము ఉంటే చీరకొంగుతో తుడిచింది. వదినని కరెంటు బిల్లు కట్టావా అని అడిగింది. కట్టానంది వదిన. ఆవిడ తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగింది. బానే ఉన్నాడంది. అన్నయ్య ముఖంలోంచి మొదట కథ వెళ్ళిపోయింది. దూరంగా పెట్టిన చూపు దగ్గరికి వచ్చింది. తరవాత పెద్దరికం పోయింది. తరవాత ఓపికగా ఉన్నట్టు కనపడాలన్న ప్రయత్నం పోయింది. అవన్నీ పోయాక మిగిలిన చూపు ఎదురుగా కూచున్న చెల్లెలి మీద నిలిచింది. తిట్టేంత కాదు, బతిమాలేంత కాదు. చేతులు వాటంతటవే బరువెక్కి, వేళ్ళు సగం ముడుచుకున్నాయి.

"అక్కా," అని కొంగ కిటికీ దగ్గరనుంచి మెల్లగా పిలిచింది. "సార్ ముఖం చూడండి."

"చూస్తున్నా."

"ఆ చేతులకి కావాల్సింది అది కదూ?"

"అదే."

కొంగ ఒంటికాలి మీదనుంచి రెండో కాలి మీదికి మారింది. "ఇది ముందే చెప్పొచ్చుగా. నాకు అన్నం పెట్టేదే ఇది. అందరూ నన్ను ఇలాగే నిలబెట్టి ఎటో వెళ్ళిపోతారు. ఆ ముఖం బయటికి రాకుండా దాచుకోవడానికే కదక్కా నాకు డబ్బులిచ్చేది."

"ఏంటక్కడ గుసగుసలు?" అన్నాడు అన్నయ్య. గొంతు కూడా ముఖంలాగే అయిపోయింది. "అయిందా లేదా?"

"అయింది," అంది చిట్టి.

అతను చేతులు దించబోయాడు. అవి ఒక్కసారిగా దిగలేదు. ఒక చేత్తో రెండోదాన్ని పట్టుకుని, సాయం చేస్తున్నట్టు దించుకున్నాడు.

కోటు ఒళ్ళు మారింది. కొంగ వెళ్ళి గుర్తు పెట్టినచోట నిలబడి, "సార్, ముఖం ఒక్కటే ఎందుకు, మొత్తం తీయండి," అంది. "వీధిలో చూసినవాళ్ళకి ఆ చేతులు నావి కావని తెలియకపోవచ్చు. మా అమ్మకి తెలుస్తుంది."

"మళ్ళీ అంతా ఎందుకమ్మా..."

"నేను ఎత్తుతాను, మీరు మీ లైట్లు సర్దుకోండి. ఎంతసేపు కావాలంటే అంతసేపు."

ఆమె ఎత్తింది. అన్నయ్య కథ అందుకోబోతే, తెలుసు సార్ అంది. అతను భుజం నొక్కుకుంటూ కెమెరా సరిచేశాడు, మళ్ళీ సరిచేశాడు, ఏదో వదులైందని కిందికి వంగి బిగించాడు. కొంగ చేతులు బస్సు కడ్డీని వదిలిపెట్టాయి. అతను తలెత్తేసరికి ఆమె అతన్నే చూస్తోంది. అతని వేలు తనకు తానే మీట నొక్కింది.

మధ్యాహ్నానికి కంపెనీ ఆవిడ వచ్చి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. వచ్చే సీజనుకి కూడా మీరే చేయాలి అంది. అతుకు లేదు, పొర లేదు. తలనుంచి వేళ్ళ దాకా అంతా ఆ అమ్మాయే. కొంగ వెళ్తూ వెళ్తూ చిట్టి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా నొక్కి తీసేసింది.

"మొత్తానికి కథ ఎక్కింది ఆ పిల్లకి," అన్నాడు అన్నయ్య స్టూలు మీద కూలబడి. వదిన వెనక నిలబడి అతని భుజాలకి ఏదో మందు రాస్తోంది. గదంతా ఆ ఘాటు. "ఎన్ని రోజులు పట్టింది చూడు. అబ్బా, మెల్లగా. చిట్టీ, ఆ పరీక్షలవీ, అతికించినవీ అన్నీ తీసేయ్. ఊరికే జాగా తింటున్నాయి."

చిట్టి వాటిని తెరిచింది. ముఖం తీసుకున్నప్పుడు అన్యాయం జరిగిందనుకుంది. ఇప్పుడు ముఖమూ చేతులూ అన్నీ తిరిగి వచ్చేశాయి, ఎవరికీ అక్కర్లేక. న్యాయం అంటే ఇదే కాబోలు. నవ్వు రాబోయింది. అన్నిటినీ కలిపి పట్టుకుని, తీసేయడానికి వేలు ఎత్తింది.

ఒకదాన్ని మాత్రం వదిలిపెట్టి, పెద్దది చేసింది. కోటు కాలరు పైన కొంగ ముఖం ఇంకా దూరంగా ఎవరికోసమో చూస్తోంది. దాన్ని పక్కకి తీసింది. కింద గోడ. గోడమీద తను వేసిన పొర. దాన్నీ తీసింది.

అంచులుగా, నీడలుగా తప్ప ఆ ముఖాన్ని చిట్టి ఇంతవరకూ చూడలేదు. కనుబొమ్మలు ముడిపడి లేవు. పెదవులు మూసుకుని ఉన్నాయి, బిగించి లేవు. ఫిర్యాదు లేదు, ఆశ కూడా పెద్దగా లేదు. కళ్ళు మాత్రం ఒకేచోటికి, కెమెరా వెనక ఉన్న మనిషి మీదికి చూస్తున్నాయి. ఎంతసేపైనా చూస్తూనే ఉండేట్టున్నాయి. పుట్టుమచ్చని కూడా తవ్వి బయటికి తీసింది.

"తీసేశావా?" అన్నాడు అన్నయ్య, భుజం తిప్పి చూసుకుంటూ.

చిట్టి తెరని రెండు చేతులతో పట్టుకుని, బల్లమీద మెల్లగా అతని వైపు తిప్పింది.